కుడిపైట

పట్టుచీరల అంగడివాళ్లకు చీర గురించి తెలియని సంగతి ఒకటే ఉంటుంది. కట్టుకోవడం. పోగు చూసి ఏ మగ్గం మీద నేసిందో చెబుతారు, జరీ గీకి వెండి ఎంతుందో చెబుతారు, కొనడానికి వచ్చిన ఆడమనిషి కాలి చెప్పులు చూసి ఏ ధర చీర తీయాలో కూడా చెబుతారు. కానీ చీరను మడతల్లో చూసినంతగా మనిషి మీద చూసే అలవాటు వాళ్లకు ఉండదు. ధర్మవరంలో సోమప్పది మూడు తరాల అంగడి. ఆ సోమవారం ఆయన తన ఇంటి మేడ మీది గదిలో ఒక పాత చీరను చాప మీద పరిపించి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "చూడు ఈశ్వరీ, అరవై ఏండ్ల చీర. మా యమ్మ పెండ్లిచీర" అని గర్వంగా అన్నప్పుడు, ఆ చీర తన ఇంటి మీద ఎంత పెద్ద చాడీ చెబుతోందో ఆయనకు తెలియలేదు.

ఈశ్వరికి మాత్రం కాసేపట్లోనే తెలిసిపోయింది.

చీరలు కట్టడమే ఆమె పని. పెళ్లికూతుళ్లకు కడుతుంది, ముందురోజే కుచ్చిళ్లు పెట్టి ఇస్త్రీ చేసి పెట్టెలో సర్ది ఇస్తుంది. ముహూర్తాలున్న నెలల్లో ఆమె కాళ్లు నేల మీద ఆనవు. మూఢం వచ్చిందంటే ఇస్త్రీపెట్టె చల్లారిపోతుంది, భర్త కుళ్లాయప్ప ఆటో మీదే ఇల్లు నడవాలి. ఇప్పుడు సోమప్ప అనంతపురంలో కొత్త షోరూం తెరుస్తున్నాడు. కొనేవాళ్లకు అక్కడికక్కడే చీర కట్టి చూపించడానికి ఒక మనిషి కావాలి. మూఢంతో పనిలేని నెలజీతం. ఈ పాత చీరను ఆయన కూతురు అశ్వినికి కట్టి, ప్రకటనకు ఫొటోలు బాగా వస్తే ఆ పని ఈశ్వరిదే. ఆ మాట ఆయన నోటితోనే అన్నాడు.

అశ్విని చదువు ముగించుకొచ్చి అంగడి ప్రకటనలు చూసుకుంటోంది. చాప పక్కన బోర్లా పడుకుని ఫోన్లో చీర కథ రాస్తోంది. "పదారేండ్ల పిల్ల అక్కా మా అవ్వ. ఎద్దులబండి, ముందర దివిటీలు, బండిలో ఈ చీర కట్టుకోని తల వంచుకోని కూచోనుంటాది. బాగుండాది గదా? నేనేమో నల్ల జాకెట్టు ఏసుకుంటా, చేతులు మణికట్టు దాకా. నడుముకు అవ్వ వెండి వడ్డాణం. మెడలో ఏమీ వద్దు. కాళ్లకు తెల్ల బూట్లు. చీర పాతగా కనపడాల, నేను మాత్రం ఇప్పటిదానిలెక్క కనపడాల."

మంచి పిల్ల. చీరంటే నిజంగా ప్రేమే. ఈశ్వరి నవ్వి, గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని, కొంగు దగ్గర మొదలుపెట్టింది. పాత పట్టును లాగకూడదు. అరచేతులు కిందికి పోనిచ్చి, నిద్రపోయే బిడ్డను ఎత్తినట్టు ఎత్తాలి. దానిమ్మగింజ రంగు ఒళ్లు, చిలకపచ్చ అంచులు, నల్లబడిన వెండి జరీ. మడత గీతల దగ్గర పట్టు పలచబడి వెలుతురు అవతలికి దాటుతోంది. పాత చీరలన్నిటి సంగతీ ఇంతే. అంచుల దగ్గరికి వచ్చాక ఆమె చేయి ఆగింది.

అందరిలాగా కొంగు ఎడమ భుజం మీదికి వేసుకుంటే చీరకు ఒక అంచు నడుముకు పోతుంది, రెండోది కాళ్ల మీద పడుతుంది. అరిగేది కాళ్ల మీది అంచు. ఈ చీరలో కాళ్ల మీద పడాల్సిన అంచు నిన్న మగ్గం దిగినట్టు మెరుస్తోంది. కొంగు దగ్గర దాని మీద తలనూనె మరక కూడా ఉంది. నడుంలో దోపుకోవాల్సిన అంచేమో మడమల రాపిడికి పీచు లేచిపోయింది. దాని జరీ సందుల్లో ఎర్రమట్టి ఇంకా అట్లాగే ఉంది. ఈ చీర తలకిందులుగా బతికింది. అట్లా బతకాలంటే, కట్టుకున్న మనిషి కొంగును కుడి భుజం మీదికి వేసుకుని ఉండాలి.

కుడిపైట వేసేదెవరో ఈశ్వరికి ఒకరు చెప్పనక్కర్లేదు. మడకశిర పక్క గొర్లు కాసే ఇళ్లలో పాతకాలం ఆడవాళ్లు ఇప్పటికీ అట్లాగే వేస్తారు. ఆమె తల్లి మారెమ్మ వేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈశ్వరి కూడా వేసేది. కొళాయి దగ్గర ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్విన మూడో రోజున మానేసింది. సోమప్ప ఇంట్లో పుట్టినవాళ్లు గానీ మెట్టినవాళ్లు గానీ కుడిపైట వేసిన పాపాన పోలేదు.

అరిగిన అంచులో జానెడు చిరుగుంది. దాన్ని ఎవరో నల్లటి ఉన్నిదారంతో కుట్టారు. అంగట్లో దొరికే ఉన్ని కాదు. గొర్రె ఉన్నిని కదురుతో వడికిన ముతక దారం. ఈశ్వరి వేలు దాని మీద కాసేపు ఆగింది.

"ముద్దుగా లేదా అక్కా ఆ నల్లకుట్టు?" అంది అశ్విని. "దిష్టికి కుట్టింటాది అవ్వ. అవునా అవ్వా?"

గోడవారగా కుర్చీలో లక్ష్మక్క కూర్చుని ఉంది. సోమప్ప తల్లి, ఎనభై దాటిన మనిషి. చీర అంచు చాప దాటి పాదాల దాకా వస్తే ఆమె రెండు కాళ్లూ పైకి తీసుకుని కుర్చీలో ముడుచుకుంది.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు" అన్నాడు సోమప్ప. "మా ఇంటి చీరకు గొంగడి దారమా? చూసేటోళ్లు ఏమనుకుంటారు? పీకేసి ఎర్రపట్టుతో కలిపెయ్యి ఈశ్వరీ. ఆ పని వస్తాది గదా నీకు?"

ఇది ఎవరి చీరన్నా అని అడగడానికి ఈశ్వరి నోరు తెరిచింది. అంతలో నెలజీతం గుర్తొచ్చింది. "వస్తాదన్నా" అని మాత్రం అంది.

మంగళవారం మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని కుట్టు విప్పడం మొదలుపెట్టింది. కుట్టడం కంటే విప్పడం కష్టం. బ్లేడు పెడితే ఉన్నితో పాటు పట్టూ తెగుతుంది. సూదిమొనతో ఒక్కో కుట్టునూ లేపి, వదులు చేసి, ముళ్లు తీసినట్టు తీయాలి. తీసేకొద్దీ ఆ కుట్టిన మనిషి మీద ఈశ్వరికి గౌరవం పెరిగింది. ఉన్నిదారానికి పెద్ద సూది కావాలి, పెద్ద సూదికి పట్టు చిరుగుతుంది. ఆమె పోగుల సందు వెతుక్కుంటూ, ఒక్క పోగు కూడా తెగకుండా కుట్టింది.

ఎద్దులబండి, దివిటీలు అని అశ్విని రాసుకున్నదంతా ఈశ్వరి మనసులో చెదిరిపోయింది. ఆమెకు వేరే మనిషి కనిపించింది. పొట్టేళ్లు అమ్ముకుని వచ్చిన మొగుడు మంచం మీద ఈ చీర పడేసి, ఏమీ ఎరగనట్టు బీడీ ముట్టించుకుని ఉంటాడు. ఇంత చీర యాడ కట్టుకోవాల, గొర్ల ఎనకనా అని ఆమె తిట్టి ఉంటుంది. తిట్టి, జాతరకు కట్టుకునే ఉంటుంది. చెప్పుల్లేని కాళ్లతో ఎర్రమట్టి దారిన నడిచి పోయి ఉంటుంది. అంచు మట్టికి తగులుతోందని ఎవరైనా అంటే, తగలనీ, నా చీర అని ఉంటుంది. అట్లాంటి చీరకు వేసిన కుట్టును తాను విప్పుతోంది. చేస్తున్న పని మీద ఆమెకు అసహ్యం వేసింది.

"నీదే ఊరు పాపా?"

లక్ష్మక్క ఎప్పుడొచ్చిందో, ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది.

"మడకశిర పక్క పల్లె అవ్వా."

"మీయమ్మ ఏ పక్క ఏసుకుంటాది పైట?"

సూది ఆగింది. అడిగింది ముసలామె అయినా, కొళాయి దగ్గరి నవ్వులే వినిపించాయి ఈశ్వరికి. గొర్లోళ్ల మనిషిని అనంతపురం షోరూంలో నిలబెడతారా అన్న భయం కూడా వెంటే వచ్చింది. "అందరి మాదిరే అవ్వా. ఎడంపక్క" అనేసింది.

లక్ష్మక్క చాలాసేపు ఆమె చేతుల్నే చూసింది. "ఆ కుట్టు ఆయమ్మ మా అరుగు మీద కూచోనే కుట్టింది" అంది చివరికి.

ఈశ్వరి తలెత్తింది.

"వరసగా మూడో ఏడు వాన పడలే. గొర్లను తోలుకోని అందురూ బళ్లారి పక్కకు, కాలవ నీళ్లుండే తావుకు పోతాండిరి. మాది అప్పుడు ఉప్పు పప్పు గుడ్డ అన్నీ అమ్మే అంగడి. పోతా పోతా ఆయమ్మ ఆగింది. సోమప్ప నా కడుపులో ఉండాడు. 'అడివిలో ఈ చీర ఏం చేసుకుందును లక్ష్మక్కా, వాన పడినాక వస్తా, దాసిపెట్టు' అనింది. చిరుగు అట్లే పెడితే పెద్దదయితాదని, చేతిలో ఉండేది ఉన్నిదారమే, దాంతోనే కుట్టి మడతేసి నా చేతిలో పెట్టింది."

"మళ్లీ రాలేదా అవ్వా?"

"ఎందుకు రాలే? రెండేండ్లకు వచ్చింది. గొర్లు సగం పోయినాయి, మనిషి సగమయింది. మా ఇంటాయన వాకిట్లోనే నిలబెట్టి, చెదలు తినేసినాయమ్మా, పెట్టె పెట్టే పోయినాది అన్నాడు. నేను తలుపు ఎనకాల ఉండా. పెట్టె నా పక్కనే ఉండాది." లక్ష్మక్క అరచేత్తో నేలను తడిమింది, పెట్టె ఇంకా అక్కడే ఉన్నట్టు. "ఆయమ్మ కొట్లాడలే. చెదలకేం తెలుసులే ఎవురి చీరో అనేసి పోయింది."

"ఎందుకట్ల చేసినాడు పెద్దాయన?"

"మంచి చీర. ఆశ పుట్టింది. కంచే చేను మేస్తే ఎవురికి చెప్పుకోవాల? నన్ను కట్టుకోమన్నాడు. ఒక్కతూరి గూడా కట్టుకోలే. ఆయన పోయినాక ఇచ్చేద్దామనుకుంటి. ఆయమ్మ యాడుండాదో, ఉండాదో లేదో. ఇంతలో వీళ్లు దాన్ని నా పెండ్లిచీర చేసి కూచున్నారు. ఇప్పుడు నోరు తెరిస్తే పోయినాయన మొగాన మన్ను కొట్టినట్టు గదా."

"ఆయమ్మ పేరేంది?"

"కదిరమ్మ."

ముసలామె వంగి, చాప మీద రాలిన నల్లటి ఉన్నిముక్కలు ఒక్కొక్కటే ఏరుకుంది. వాటిని తన చెంగున ముడి వేసుకుని, గోడ పట్టుకుని లేచింది. "నువ్వు ఆ పక్కదానివేమో, మీ పెద్దోళ్లను అడిగి కనుక్కుంటావేమో అనుకుంటి. మీది ఎడంపక్క అంటివి గదా. పోనీలే" అని లోపలికి పోయింది.

నేల చీలి తనను మింగితే బాగుండునని ఈశ్వరికి అనిపించింది. అరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్న మాటను ఆ ముసలామె బయటపెట్టింది. తాను మాత్రం కన్నతల్లి పైటను కూడా దాచుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి తల్లికి ఫోన్ చేసింది. మారెమ్మ అప్పుడే మందను దొడ్లోకి తోలినట్టుంది, వెనక గొర్రెపిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"అమ్మా, నువ్వు చీర కట్టుకునేటప్పుడు మొదట ఏ చేత్తో పట్టుకుంటావే?"

"నీకెందుకే?"

"ఊరికే అడిగినా."

"ఇడిసిపెట్టినదానికి ఊరికే ఎందుకు?" అంది మారెమ్మ. మళ్లీ తనే, "ఎడం చేత్తో పట్టుకోని కుడి చేతిని వదిలెయ్యి. అదే పోతాది. చేతులు మరిచిపోతాయా యాడన్నా?" అంది.

"అమ్మా, మన పక్క కదిరమ్మ అని ఉండిందా? చానా ఏండ్ల కింద, కరువులో బళ్లారి పక్కకు పోయినాది."

"మన పక్క కదిరమ్మలు ఎంతమంది లేరే! కరువులో పోయినోళ్లను యాడని ఎతుకుతావు?" మారెమ్మ దొడ్డి తడిక మూసిన చప్పుడు వినిపించింది. "తిన్నావా?" అంది.

గురువారం ఉదయం ఫొటోలు తీయడానికి బెంగళూరు నుంచి అభిలాష్ అనే కుర్రాడు వచ్చాడు. మేడ మీది గదిలో తెల్ల గుడ్డ కట్టి దీపాలు పెట్టాడు. ఈశ్వరి తెల్లవారకముందే వచ్చి పని మొదలుపెట్టింది. బలహీనంగా ఉన్న చోట్ల వెనక పలచటి నెట్టు గుడ్డ వేసి కుట్టింది. చిరుగును ఎర్రపట్టుతో కలిపింది. పిన్నీసు ఒక్కటి కూడా పెట్టకుండా, దారంతో టాకాలు వేస్తూ అశ్వినికి ఎడమ భుజం మీదికి కట్టింది. అరిగిన అంచు నడుంలోకి పోయి దాక్కుంది. మెరిసే అంచు తెల్ల బూట్ల మీద పడింది. కదిరమ్మ నడిచిన దారులన్నీ దోపులోకి పోయాయి.

"పనిమంతురాలివమ్మా ఈశ్వరీ" అన్నాడు సోమప్ప సంబరంగా. "షోరూం పని నీదేలే, ఇంక అనుమానం లేదు."

ఈశ్వరికి సంతోషం రాలేదు. రావాల్సిన సంతోషం రాకపోతే ఎంత ఇబ్బందిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అభిలాష్ లక్ష్మక్కను కూడా పిలిపించి తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. తరువాత అవ్వా మనవరాళ్ల ఫొటో తీయాలట. ముందు అశ్వినిని ఒక కాలు పీట మీద పెట్టి వెనక్కి తిరగమన్నాడు. ఆమె తిరిగింది. పట్టు చిరిగితే మామూలు గుడ్డ చిరిగినంత చప్పుడు రాదు. ఎండుటాకు మీద అడుగు వేసినంత వస్తుంది. కుచ్చిళ్ల బరువంతా నడుం దగ్గర దోపిన చోట పడుతుంది. సరిగ్గా అక్కడే ఈశ్వరి కలిపిన కుట్టు విడిపోయింది. ఆమె రెండు చేతులతో అశ్విని నడుం పట్టుకుని చీరను ఆపింది. ముతక ఉన్ని అరవై ఏళ్లు పట్టి ఉంచిన చిరుగును తన సన్నపట్టు ఒక గంట కూడా పట్టలేకపోయింది.

"పిన్నీసు పెట్టు, పిన్నీసు పెట్టు" అన్నాడు సోమప్ప.

"పెడితే బారెడు చిరుగుతాదన్నా. ఈ అంచు ఇంక బరువు మోయదు."

"మరెట్ల?"

ఈశ్వరి చీరను పట్టుకుని నేల చూపులు చూస్తూనే చెప్పింది. "తిరగేసి కట్టాల. గట్టిగుండే అంచు నడుముకు రావాల. అప్పుడు సెరుగు కుడిపక్కకు పోతాది."

"కుడిపైటనా?" సోమప్ప ముఖం చిట్లించాడు. "గొర్లోళ్ల మాదిరా? మా ఇంటి ఆడబిడ్డకా?"

"ఉండు నాయనా" అంది అశ్విని. "చీర చిరిగిపోతే ఏం చేద్దాం? అక్క చెప్పినట్లు చూద్దాం. బాగలేకుంటే తీసేద్దాం."

ఈశ్వరి ఆమె వెనక నిలబడి కళ్లు మూసుకుంది. ఎడం చేత్తో పట్టుకుని కుడి చేతిని వదిలేసింది. తల్లి చెప్పింది నిజమే, అదే పోయింది. చీర చుట్టు తిరిగి వచ్చింది. కుచ్చిళ్లు ఆమె పెట్టేలోపలే పాత గీతల మీద మడతపడ్డాయి. తలనూనె మరక మెడ పక్కకు వచ్చింది. పీచు లేచిన అంచు ఎర్రమట్టితో సహా కాళ్ల మీదికి దిగింది, చిరుగు కుచ్చిళ్ల సందులోకి పోయింది. కొంగు కుడి భుజం దాటి వెనక్కి పడింది. ఎక్కడా ఒక్క పోగు బిగుసుకోలేదు. ఇన్నేళ్లలో ఆమె కట్టిన చీరల్లో ఒక్కటి కూడా ఇంత సులువుగా మనిషి మీద కూర్చోలేదు.

తలుపు దగ్గర కుర్చీ కదిలిన చప్పుడైంది. లక్ష్మక్క చేతికర్ర లేకుండా లేచి నిలబడింది. రెండడుగులు వేసి అశ్విని ముందుకు వచ్చి, రెండు చేతులూ జోడించింది.

"వచ్చినావా కదిరమ్మా" అంది. "నీ చీర యాడికీ పోలేదమ్మా. చెదలు తినలే. అట్లే ఉండాది చూడు."

అభిలాష్ కెమెరా టకటకా మోగింది. "అవ్వా, నేనే, అశ్వినిని" అంటూ ఆ పిల్ల ముసలామె చేతులు పట్టుకుంది. సోమప్ప తల్లిని భుజాలు పట్టి కుర్చీ వైపు తిప్పుతూ, "పెద్దతనం గదప్పా, ఒక్కోతూరి మతి ఉండదు" అన్నాడు. ఆ మాట కుర్రాడితో అన్నాడు గానీ చూపు మాత్రం ఈశ్వరి మీదే ఉంది.

అభిలాష్ తీసిన ఫొటోల్లోకి చూసుకుంటూ, "సార్, ఇదే ఫొటో. ఇంకొకటి అక్కర్లేదు" అన్నాడు.

నిజమే, ఇంకొకటి అక్కర్లేకపోయింది. శుక్రవారం పెట్టిన ఫొటో ఆదివారానికి ఊరూరూ తిరిగింది. 'అరవై ఏళ్ల తర్వాత తన పెళ్లిచీరను మనవరాలి మీద చూసుకుని చేతులెత్తి మొక్కిన అవ్వ' అని కింద రాశారు. చూసినవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారట. వాళ్లందరూ అడిగింది ఒకటే, ఆ పైట ఎట్లా వేశారని.

అశ్విని ఫోన్ చేసింది. గొంతులో ఉత్సాహం లేదు. "అక్కా, అవ్వ నాకంతా చెప్పినాది. నాకు అన్నం పోతాలేదు. కానీ ఇప్పుడెట్ల మార్చేది? లక్షలమంది చూసేసినారు. నాయన ముందర మాత్రం అనద్దు అక్కా" అంది. ఎక్కువమంది చూస్తే అబద్ధానికి అంత బలం వస్తుందన్నమాట అనుకుంది ఈశ్వరి. ఎడంపక్క అని చెప్పిన నోటికి ఇంకొకరిని తప్పుపట్టే హక్కు ఎక్కడిది?

సాయంత్రం సోమప్ప మైసూరుపాకు పొట్లంతో ఈశ్వరి ఇంటికే వచ్చాడు. ఆ ఇంటి గడప తొక్కడం ఆయనకు అదే మొదలు. కుళ్లాయప్ప గబగబా కుర్చీ తుడిచి వేశాడు.

"బుధవారం షోరూం తెరుస్తాండాం. నీకు వేరేగా ఒక తావు, నిలువుటద్దం, అన్నీ పెట్టిస్తాండా. కొనేటోళ్లందరికీ నువ్వు ఆ పైట కట్టి చూపియ్యాల. మా యమ్మ పేరు మీద 'లక్ష్మీ కట్టు' అని బోర్డు రాపిచ్చినా. ఎట్లుండాది?"

మొన్న గురువారం ఆయనకది గొర్లోళ్ల మాదిరి. ఇప్పుడు లక్ష్మీ కట్టు. ఈశ్వరికి నవ్వు రావాల్సింది, కోపం వచ్చింది. "అన్నా, ఆ కట్టు అవ్వది కాదు గదా" అంది.

"మరెవురిది?"

"కదిరమ్మది."

సోమప్ప ముఖంలో రంగు దిగిపోయింది. కుళ్లాయప్ప వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "అమ్మ నీకూ చెప్పినాదా? చూడు ఈశ్వరీ, మా నాయన నాకు దేవుడు లెక్క. పోయినోడు వచ్చి జవాబు చెప్పుకోలేడు. ఆ పేరు నా అంగట్లో నా చెవిన పడిందా, ఆ పొద్దే నీకు ఆఖరు. పని కావాలా, వద్దా?"

కుళ్లాయప్ప ఏమీ అర్థం కాక భార్య ముఖంలోకి చూశాడు. మూలన ఇస్త్రీపెట్టె ఉంది. మూఢం ఇంకో పదిహేను రోజుల్లో వస్తుంది.

"కావాలన్నా" అంది ఈశ్వరి.

బుధవారం షోరూం నిండిపోయింది. తలుపు ఎదురుగా అద్దాల పెట్టెలో బొమ్మకు కుడిపైటతో ఆ చీర కట్టి పెట్టారు. పక్కన పెద్ద ఫొటో, దాని మీద బంగారు అక్షరాలతో లక్ష్మీ కట్టు అన్న బోర్డు. లక్ష్మక్క చేత దీపం వెలిగించి, వచ్చేవాళ్లకు కనిపించేలా పువ్వుల మధ్య కూర్చోబెట్టారు. జనం వంగి ఆమె కాళ్లకు మొక్కుతున్నారు. అమ్మా, అదృష్టవంతురాలివి అంటున్నారు. మొక్కిన ప్రతిసారీ ఆమె వద్దు వద్దని చేయి అడ్డం పెడుతోంది. ఎవరికీ అర్థం కావడం లేదు.

అద్దం దగ్గర ఈశ్వరి పొద్దున్నుంచి పద్నాలుగు మందికి కుడిపైట కట్టింది. పద్నాలుగు మందీ అద్దంలో చూసుకుని మురిసిపోయారు. ఒకామె ఫొటో తీసుకుని, ఇది మా అవ్వల కాలం రాజుల ఇళ్ల కట్టట అని ఎవరికో ఫోన్లో చెప్పింది. ఈ కట్టు చూసి కొళాయి దగ్గర నవ్వినవాళ్లు వీళ్లలాంటి వాళ్లే. అప్పుడు తన ఒంటి మీద నగుబాటయింది ఇప్పుడు వీళ్ల ఒంటి మీద అందమయింది. మధ్యలో తాను మారిందీ లేదు, చీర మారిందీ లేదు. మారిందల్లా పేరొకటే. ఆ పేరు కూడా అబద్ధం. పదిహేనో మనిషికి కుచ్చిళ్లు పెడుతూ ఈశ్వరి రెండుసార్లు లెక్క తప్పింది. ఆకలికి అనుకుంది గానీ ఆకలి కాదు.

పదిహేనో ఆమె కళ్యాణదుర్గం నుంచి వచ్చిన టీచరు. చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. అన్నీ అడిగి తెలుసుకునే రకం. అద్దంలోంచి వెనక బోర్డు చదివి, "ఎన్నడూ వినలేదే ఈ లక్ష్మీ కట్టు. ముందునుంచీ ఇదే పేరా దీనికి? ఎవరు కట్టుకునేవాళ్లమ్మా ఇట్లా?" అంది.

నాలుగడుగుల అవతల సోమప్ప ఒక పెద్దమనిషికి చీరల సంచి అందిస్తున్నాడు. ఆ ప్రశ్న ఆయన చెవిన కూడా పడింది. తల ఇటు తిప్పాడు.

ఈశ్వరి పళ్ల మధ్య రెండు పిన్నీసులున్నాయి. వాటిని పట్టుకుని ఊరుకోవచ్చు. నోట్లో పిన్నీసులున్న మనిషిని జవాబు చెప్పమని ఎవరూ నిలదీయరు. ఆమె వాటిని తీసి తన జాకెట్టు చేతికి గుచ్చుకుంది.

"లక్ష్మీ కట్టు కాదమ్మా. మా గొర్లోళ్ల కట్టు" అంది. గొంతు ఆమె అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. "మా యమ్మ ఇట్లే కట్టుకుంటాది. నేనూ కట్టుకుంటాంటి. ఆ అద్దాల పెట్టెలో చీర కదిరమ్మ అనే ఆయమ్మది."

సోమప్ప చేతిలో సంచి అట్లాగే ఉంది. పెద్దమనిషి దాన్ని అందుకోవడానికి చేయి చాచి ఎదురు చూస్తున్నాడు. చుట్టూ ఇంతమంది కొనేవాళ్లు, అందరి చేతుల్లో ఫోన్లు. ఆయన పెదాల మీది నవ్వు ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. పువ్వుల మధ్య లక్ష్మక్క మాత్రం మొక్కడానికి వంగిన మనిషిని పక్కకు జరిపి, మెడ చాచి ఇటే చూస్తోంది.

రేపు ఈ అద్దం ముందు తాను ఉండదని ఈశ్వరికి తెలుసు. ఇంకో గంట ఉంటుందో లేదో కూడా తెలియదు.

"కదిరమ్మనా?" అంది టీచరు పూర్తిగా ఇటు తిరిగిపోతూ. "ఎవరామె?"

"చెప్తానమ్మా" అంది ఈశ్వరి, ఆమె కుడి భుజం మీద కొంగు సర్దుతూ. "కదలకుండా నిలబడండి."